పౌర హక్కుల మీద కామిక్ ఎలా గీయాలి? జీవో చదవకుండా పెన్ను ముట్టుకోవద్దు

అనంతపురంలో ఉంటాను. వారానికో కామిక్ గీసి నెట్‌లో పెడతాను, ఎక్కువగా పౌర హక్కుల మీదే. ప్రభుత్వం ఏదైనా కొత్త ఉత్తర్వు ఇచ్చిందంటే ఆ సాయంత్రానికే ఫోన్ నిండా బొమ్మలు: సంకెళ్లు పడ్డ చేతులు, పంజరంలో పావురం, కొమ్ములు మొలిచిన మంత్రి. గీసినవాళ్ల కోపం నిజమైనదే. కానీ ఆ బొమ్మ చూసిన మనిషికి తన చేతిలోంచి ఏం జారిపోయిందో తెలియదు. ఏ హక్కు, ఏ తేదీన, ఏ సెక్షన్ కింద? అది చెప్పనిదాన్ని నేను కామిక్ అనను. ఈ తప్పు చూసీ చూసీ విసిగి, నా పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

సామాన్లు

తెల్ల కాగితం, నల్ల జెల్ పెన్ను, ఫోన్ కెమెరా. ఫోన్‌లోనే గీసేవాళ్లకు ఇబిస్ పెయింట్ అనే యాప్ ఉంది. రంగులు వద్దు. నాలుగే గడులు. ఐదో గడి కావాల్సి వస్తోందంటే విషయం మీకింకా తేలలేదని అర్థం. మాటలు చేత్తోనే రాయండి. ఫోటోషాప్‌లో సెట్టింగ్ సరిగా లేకపోతే తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఆ కుస్తీ పట్టే సమయంలో రెండు కామిక్‌లు రాయొచ్చు.

ఒక మనిషిని పెట్టుకోండి

నా కామిక్‌లో ఓబుళమ్మ ఉంటుంది. టవర్ క్లాక్ దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతుంది. సభ జరిగితే నాలుగు శేర్లు ఎక్కువ పోతాయి, జరగకపోతే బుట్ట అలాగే ఇంటికి వస్తుంది. హక్కు అంటే లాయర్ల విషయం అనుకునేవాళ్లకు ఆ బుట్ట చూపిస్తే చాలు.

నాయకుల ముఖాలు నేను గీయను, మీరూ గీయకండి. ఐదేళ్లకు నాయకుడు మారతాడు, చట్టం మాత్రం కొత్తాయన చేతికి అలాగే అందుతుంది. నెట్‌లో పెట్టిన మాటలకు జైలు వేసే, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2008లో ఒక ప్రభుత్వం తెచ్చింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం సుప్రీంకోర్టులో దాన్నే సమర్థించింది. ముఖం గీసిన కామిక్ ఎన్నికలతో పాతబడిపోతుంది. పైగా ఆ నాయకుడి అభిమానులు మొదటి గడి దగ్గరే ఆగిపోతారు. నాకు కావాల్సింది వాళ్లు కూడా నాలుగో గడి దాకా రావడం.

కాగితం చదవడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. వార్త శీర్షిక చదివి గీస్తారు. దయచేసి ఉత్తర్వు కాగితమే సంపాదించండి. జీవోలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో వాటిని అక్కడ పెట్టడమే ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మూడేళ్లూ నాలాంటివాళ్లకు ఎంత కష్టమైందో మాటల్లో చెప్పలేను. ఉత్తర్వు దాచడం కూడా హక్కు తీసేయడమే. ఇంటర్నెట్ ఆపినా, 144 పెట్టినా ఆ ఉత్తర్వులు ప్రచురించాల్సిందేనని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. దొరకకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కాగితం చేతికొచ్చాక మూడు సంగతులు వెతకండి: ఏం వద్దన్నారు, ఏ చట్టం కింద వద్దన్నారు, ఎప్పటిదాకా వద్దన్నారు.

2023 జనవరి 2న వచ్చిన జీవో నంబర్ 1 తీసుకుందాం. ఆ రోజు చాలామంది 'సభలు నిషేధం' అని గీసేశారు. జీవోలో ఉన్నది అది కాదు. రోడ్ల మీద సభలకు అనుమతి ఇవ్వకూడదనీ, అరుదైన సందర్భాల్లో మాత్రం కారణాలు రాసి ఇవ్వొచ్చనీ ఉంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ కామిక్ అంతా దాని మీదే నిలబడాలి. నిన్నటిదాకా సభ పెట్టుకోవడం మామూలు, ఆపాలంటే పోలీసులు కారణం చెప్పాలి. ఆ రోజు నుంచి ఆపడమే మామూలు, ఇవ్వాలంటే కారణం రాయాలి. హక్కు కాస్తా దయగా మారింది. 'నిషేధం' అని రాస్తే ఈ మలుపు కనపడదు. పైగా అవతలివాళ్లు 'నిషేధం ఎక్కడుందయ్యా, చూపించు' అని ఒక్క మాటతో మీ కామిక్ తోసేస్తారు.

ప్రభుత్వం చెప్పిన కారణం కూడా ఒక గడిలో ఉండాలి. 2022 డిసెంబర్ 28న కందుకూరు సభలో జరిగిన తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు, నాలుగు రోజులకే గుంటూరులో ముగ్గురు. ఆ చావులు దాచి జీవోను తిడితే అది మోసం. వాటిని చూపించి, 'జనం నలగకుండా చూడటానికి ఇదొక్కటే దారా?' అని ఓబుళమ్మ చేత అడిగించండి. 2023 మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

ఏ చట్టం కింద అన్నది చాలామంది వదిలేస్తారు. ఆ జీవోకు ఆధారం 1861 పోలీసు చట్టంలోని 30వ సెక్షన్, రోడ్ల మీద సభలను, ఊరేగింపులను పోలీసుల అదుపులో పెట్టేది. సిపాయిల తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్లు చేసుకున్న చట్టం. నా మూడో గడిలో ఆ సంవత్సరం ఒక్కటే పెద్దగా రాశాను. నాలుగో గడిలో ఓబుళమ్మ, 'మా అవ్వకు అవ్వ కూడా పుట్టిండదు కద సార్ అప్పటికి' అంటుంది.

ఎప్పటిదాకా అన్నది ఇంకా ముఖ్యం. జిల్లా పేపర్లో ఓ మూలన 'పోలీసు యాక్ట్ 30 అమలు' అని నాలుగు లైన్ల వార్త మీరు చూసే ఉంటారు. దాని మీద ఎవరూ బొమ్మ గీయరు. గడువు అయిపోగానే మళ్లీ వస్తుంది, మళ్లీ నాలుగు లైన్లే. 144 సెక్షన్ ఉత్తర్వుకు గడువు రెండు నెలలు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే ఇంకో ఆరు నెలలు. ఊరికే మళ్లీ మళ్లీ ఇస్తూ పోవడం అధికార దుర్వినియోగమని అనురాధా భాసిన్ తీర్పులోనే ఉంది. హక్కులు ఒక్క రాత్రిలో పోయేది తక్కువ, చాలావరకు ఇలా గడువు మీద గడువుగా పోతాయి. పాత కటింగులు దాచుకోండి. ఒకే వార్త నాలుగు తేదీలతో నాలుగు గడుల్లో పెడితే వేరే మాటే అక్కర్లేదు.

ఇక చట్టం బతికుందా లేదా చూసుకోండి. 66ఏను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఇప్పటికీ 'పోస్టు పెడితే 66ఏ' అని గీసేవాళ్లున్నారు. లేని చట్టంతో జనాన్ని భయపెట్టడం పాలకులకు చేసే సాయం. కొట్టేశాక కూడా కొన్ని చోట్ల పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు పెట్టారు, 2021లో సుప్రీంకోర్టు దిగ్భ్రాంతి చెందింది. అది గీయండి. 144 కూడా 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. రాజద్రోహం 124ఏను 2022 మేలో కోర్టు ఆపి ఉంచింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 152వ సెక్షన్ ఉంది. నేను ఒకసారి పాత నంబర్ వేశాను. కర్నూలు నుంచి ఒక వకీలన్న ఫోన్ చేసి, 'తమ్ముడూ, నంబరే తప్పయితే మిగతాది ఎవురు నమ్ముతారు?' అన్నాడు. ఆ రాత్రే తీసేశాను. అప్పటికే వందల మంది పంచుకున్నారు, వాటిని వెనక్కి తెచ్చుకోలేకపోయాను.

చివరి జాగ్రత్త: నిజమైన మనిషి నోట్లో అనని మాట పెట్టకండి. అన్నమాట అయితే తేదీతో పెట్టండి. మీ అభిప్రాయం ఓబుళమ్మ చెప్పాలి.

ఇంత చదివితే బొమ్మ చప్పబడుతుందని కొందరు అంటారు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్‌లో, అబూ అబ్రహం ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వేసిన కార్టూన్ చూడండి. స్నానాల తొట్టిలో ఉండి ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి ఇచ్చే రాష్ట్రపతి. ఆయన ముఖాలు గీశాడు, నేను గీయను, ఆ సంగతి వేరు. కొమ్ములు లేవు, సంకెళ్లు లేవు. ఒక కాగితం ఎలా చేతులు మారిందో ఉంది, అంతే. ఆ రోజుల్లో ప్రాణం పోయినా కోర్టుకెళ్లే హక్కు లేదని 1976లో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాలను (21 అంటే ప్రాణానికి, స్వేచ్ఛకు హక్కు) ఆపకూడదని 44వ సవరణ తెచ్చారు. అది 1979లో చట్టమైనప్పుడు రాష్ట్రపతి మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి. మన జిల్లా పిల్లలకు ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధ.

గీయడం

ఇది తేలిక. బెలూన్లలో మన యాస, పైన పెట్టెలో మామూలు తెలుగు. గడికి పన్నెండు మాటలు మించొద్దు.

పెట్టే ముందు, పెట్టాక

ఒక రాత్రి ఆగండి. ఒక లాయర్‌కు చూపించండి. ఎవరైనా ఫోటో పంపితే దాన్ని చూసి గీయండి గానీ ఆ ఫైల్ పెట్టకండి, తీసిన చోటు అందులో దాగి ఉండొచ్చు. జీవో నంబర్, తేదీ కింద రాయండి.

భయం ఉంటుంది, ఉండటం సహజం. 2012లో ముంబైలో అసీం త్రివేదిని కార్టూన్లకే రాజద్రోహం కింద అరెస్టు చేశారు. అదే ఏడాది ఒక కార్టూన్ పంచుకున్నందుకు అరెస్టయిన జాదవ్‌పూర్ ప్రొఫెసర్ కేసు నుంచి బయటపడేసరికి 2023 వచ్చింది. పిలుపు వస్తే నోటీసు రాతపూర్వకంగా అడగండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయర్‌ను కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. 22వ అధికరణం ఇది. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. ఈ నంబర్ ఇంట్లోవాళ్లకు ముందే రాసివ్వండి, మీ ఫోన్ ఆ సమయంలో మీ దగ్గర ఉండకపోవచ్చు.

ఆ ఉత్తర్వు మీద కోర్టులో కేసు ఉంటే వాయిదా తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. తీర్పు వచ్చిన రోజు పాత కామిక్ కిందే ఇంకో గడి వేసి, ఏమైందో తేదీతో రాయండి. ఈ ఒక్క చోట మాత్రం ఐదో గడి నేనూ ఒప్పుకుంటాను.