నీళ్లతో కడిగినా తుపాకి తుప్పు పడుతోందా? ముందు ఆ నీళ్ల సంగతి చూడండి

సమస్య: కాల్చిన రోజే తుడిచారు, నూనె పట్టించారు. మూడోనాడు గొట్టంలో పేలిక దూర్చి లాగితే ఎర్రగా వస్తోంది. మళ్లీ తుడిస్తే మళ్లీ అదే.

ఖాళీ చేసి చూసుకోవడం, గొట్టాన్ని కొయ్య నుంచి విడదీయడం మీకు చెప్పక్కర్లేదు. అడగాల్సింది ఒక్కటే: నీళ్లు పోశారా? కిరసనాయిలు పోస్తారు, డీజిల్ పోస్తారు, ఖరీదైన గన్ ఆయిల్ తెప్పిస్తారు. నీళ్లంటే మాత్రం "ఇనుముకి నీళ్లేటి" అంటారు.

కారణం: పాత రకం క్యాపుల్లోనూ (దెబ్బ తగిలితే పేలి మందుని అంటించే చిన్న టోపీలు), పాతకాలపు మిలిటరీ తూటాల ప్రైమర్లలోనూ (తూటా అడుగున అదే పని చేసే బిళ్లలు) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది. కూరలో వేసే ఉప్పుకి దాయాది అన్నమాట. మామూలు చల్లటి నీళ్లు 100 మిల్లీలీటర్లలో సుమారు 34 గ్రాములు కరుగుతుంది. నూనెలో, కిరసనాయిల్లో కరగదు. కాబట్టి నేరుగా నూనె రాస్తే ఉప్పుకి దుప్పటి కప్పినట్టే. గాలిలో తేమ 84 శాతం దాటిందంటే ఆ ఉప్పు తనంతట తానే చెమ్మ లాక్కుని నీరౌతుంది. శ్రీకాకుళం తీరాన కళింగపట్నం, భావనపాడు వైపు వానాకాలం రాత్రుల్లో అదేం పెద్ద విషయం కాదు. పంట కాపలా లైసెన్సు మీద ఉండే నల్లమందు తుపాకులకైతే (గొట్టం మూతి నుంచి నల్ల తుపాకిమందు కూరి కాల్చేవి) బెడద ఇంకా ఎక్కువ. కాలిన మందు బరువులో సగానికి పైగా వాయువు కాదు, లవణాలూ మసీ.

పరిష్కారం: చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు ఒక లీటరు, అందులో గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక టీ చెంచా. మడత తుపాకి (మధ్యలో వంచి తూటా పెట్టేది) అయితే గొట్టం విడదీసి, తూటా పెట్టే వైపు నుంచి గరాటుతో పోయండి. నల్లమందు తుపాకి అయితే నిపిల్ (క్యాపు తొడిగే చిన్న ముక్క) విప్పి, గొట్టం అడుగు బకెట్లో ఉంచి, గుడ్డ చుట్టిన రాడ్‌ని పైకీ కిందకీ ఆడించండి. నిపిల్ రంధ్రంలోంచి నీళ్లు లోపలికి వచ్చి పోతుంటాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చాలి. విప్పిన నిపిల్‌ని, దాని మరల్ని వేరుగా కడగండి. ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది) రంధ్రాల చుట్టూ తడిగుడ్డతో తుడిస్తే చాలు, లాక్ (పేల్చే యంత్రం) లోపలికి నీళ్లు పోయొద్దు. గొట్టం వేడి మీద ఉండగానే పొడి పేలికలు తోసి, వెంటనే నూనె పట్టించండి. ఈ మధ్యలో పల్చగా నారింజ రంగు కనిపిస్తే కంగారు పడకండి. వేడి ఇనుము మీద నీళ్లు ఆరేటప్పుడు వచ్చేది అది, నూనె పేలికకి వచ్చేస్తుంది. దాన్ని చూసి హడలిపోయి మళ్లీ కిరసనాయిల్ డబ్బా పట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఇదంతా చేసినా తుప్పు తిరిగొస్తోందా? అయితే అసలు దొంగ బోరు నీళ్లు. సముద్రానికి దగ్గర ఊళ్లలో చాలా బోర్లు ఉప్పు కలిసినవే. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, అయినా తుపాకి కడగడానికి ఆ నీళ్లే వాడతారు. ఒక ఉప్పు పోయింది, ఇంకో ఉప్పు వచ్చి కూర్చుంది. పైగా ఇది మరీ మాయగా ఉంటుంది: బాగా కడిగిన చోటే, అంటే అడుగు మూలలో, మర చుట్ల సందుల్లో నీళ్లు నిలిచి ఆరతాయి కాబట్టి, అక్కడే ముందు గుంటలు పడతాయి. కడిగినవాడు "నీళ్లే చెరిపేశాయి" అంటాడు. సగం నిజమే. పరీక్ష సులువు: శుభ్రమైన అద్దం ముక్క మీద చెంచాడు నీళ్లు పోసి ఎండలో ఆరబెట్టండి. తెల్లటి మచ్చ మిగిలితే ఆ నీళ్లలో లవణాలున్నట్టే. మొదటి కడుగుకి వాటినే వాడినా, ఆఖరి కడుగు మాత్రం ఆర్వో నీళ్లతోనో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తోనో అర లీటరు చొప్పున రెండుసార్లు. ఆ సీసా మీద రాసింది చదివి కొనండి, అదే కొట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు.

అమ్మోనియా కలిపితే ఉప్పు విరిగిపోతుందని కొందరి నమ్మకం. విరిగేదేమీ లేదు, పనిచేసేది అందులోని నీళ్లే. కొబ్బరినూనె ఉద్దానంలో ఇంటింటా దొరుకుతుంది, కానీ చలికి గడ్డకడుతుంది, తుపాకికి వద్దు. ఇత్తడి తొడుగు మీద పచ్చగా కనిపించేది చిలుము, దానికి ఈ గొడవతో సంబంధం లేదు. తోలు సంచిలో పెట్టి నెలలు ఒగ్గేస్తే బయట కూడా తుప్పు పడుతుంది, నూనె గుడ్డ చుట్టి విడిగా నిలబెట్టండి.

కడిగాక మర్నాడు, మూడోనాడు, వారం తర్వాత ఒక్కో తెల్ల పేలిక తోసి చూడండి. మూడుసార్లూ ఎరుపు లేకపోతే పని అయినట్టు. ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్లో డిపాజిట్ చేయాల్సొస్తే ఈ మూడు పేలికలూ ముందే అయిపోవాలి, అక్కడ వారాల తరబడి ఎవరూ చూడరు.