“మేం ఏ డినామినేషనూ కాదు” అని రాశాక ఇంకేం రాయాలి?

మీది ఏ శాఖకూ చెందని సంఘం. పెద్దలు మిమ్మల్ని పిలిచి, “మన ఉద్దేశం, మన విశ్వాసం ఒక పేజీలో రాసి పెట్టు” అన్నారనుకోండి. చాలామంది వెంటనే ఇంకో సంఘం రాసుకున్నది తెచ్చి పేరు మార్చేస్తారు. అలా చేయకండి, అందులో అన్నీ ఉంటాయి గానీ మీ సంఘం ఉండదు.

శాఖ ఉన్న చర్చికి ఈ టెన్షన్ లేదు. లూథరన్లకు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఉంది, పాస్టర్‌తో పేచీ వస్తే పైన సినడో (చర్చిల ప్రతినిధుల సభ) బిషప్పో ఉంటారు. మీకు పైన ఎవరూ లేరు కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు మీరు ఏం నమ్ముతారో తెలియాలంటే ఆ ఒక్క పేజీయే దిక్కు. “బైబిలే మా ఆధారం” అని రాసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆ మాట ఇంతకుముందు అన్నవాళ్లున్నారు. 1804లో అమెరికాలో బార్టన్ స్టోన్, ఆయన తోటి పాస్టర్లు కలిసి తమ ప్రెస్బిటరీకి, అంటే తమ చర్చిల మీద ఉండే పాలక సభకు, ఏకంగా వీలునామా రాసి దాన్ని రద్దు చేసుకున్నారు. లేఖనం మాట్లాడినచోట మాట్లాడదాం, మౌనంగా ఉన్నచోట మౌనంగా ఉందాం అని 1809లో థామస్ క్యాంప్‌బెల్ అన్నాడు. ఐక్యత కోసమే వీళ్లు మొదలుపెట్టిన ఉద్యమం చివరికి ఆరాధనలో వాయిద్యాలు వాడొచ్చా లేదా అన్నదాని మీద కూడా చీలి, 1906 నాటి అమెరికా మత గణనలో రెండు వేర్వేరు గుంపులుగా లెక్కకెక్కింది. లేఖనం మౌనంగా ఉన్నచోటే కదా గొడవంతా!

ముందు అందరికీ ఉమ్మడిగా ఉన్న నమ్మకాలు రాసేయండి: త్రియేక దేవుడు, యేసుక్రీస్తు దైవత్వం, సిలువ, పునరుత్థానం, కృపచేత రక్షణ, ఆయన రెండవ రాకడ. అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్నో, 325లో మొదలై 381లో పూర్తి రూపం దిద్దుకున్న నైసీన్ ప్రమాణాన్నో పక్కన పెట్టుకుంటే పని తేలిక. ఇక్కడ సొంత కవిత్వం వద్దు. ప్రతి వాక్యం వెనక పది రిఫరెన్సులు కూడా గుప్పించకండి, ఎవరూ తీసి చూడరు, ఒకటో రెండో చాలు.

అసలు పని దీని తర్వాతే మొదలవుతుంది. నేను మొదటిసారి రాసినప్పుడు నాలుగు పేజీలు నింపి, పెద్దలు మెచ్చుకుంటే పొంగిపోయాను. మీటింగ్ అయ్యాక ఒక పెద్దావిడ ఆ కాగితాలు మడిచి పట్టుకుని వచ్చి, “అంతా బాగుంది బాబూ, ఇంతకీ నా మనవడికి పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం మీ దగ్గర చెల్లుతుందా లేదా?” అని అడిగింది. నాలుగు పేజీల్లో ఎక్కడా ఆ జవాబు లేదు. “బాప్తిస్మాన్ని మేము ఎంతో విలువైనదిగా ఎంచుతాము” అని మాత్రం ఉంది. ఎంచక ఏం చేస్తాం! తర్వాత దాన్ని ఇలా మార్చాం: “నమ్మి, తానే కోరుకున్నవారికి నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తాం. పసితనంలో చిలకరింపు పొందినవారు సభ్యులుగా చేరాలంటే మళ్లీ తీసుకోమని అడుగుతాం. తీసుకోకపోయినా ఆరాధనకు రావచ్చు.” కొందరికి నచ్చలేదు, కానీ ఎవరూ మోసపోలేదు.

ఇలాంటి సూటి జవాబు ఇంకొన్నిటికి కావాలి. ప్రభు బల్లలో ఎవరు పాల్గొనవచ్చు, అన్యభాషల (ఆత్మ ప్రేరణతో తెలియని భాషలో మాట్లాడటం) గురించి ఏం బోధిస్తారు, స్త్రీలు వాక్యం చెప్పవచ్చా, పెద్దలుగా ఉండవచ్చా, దశమభాగం తప్పనిసరా. అన్నిటికీ ఒకే బరువు ఇవ్వకండి. సభ్యుడు కావాలంటే ఒప్పుకోవాల్సినవి ఏవో, ఈ వేదిక మీద బోధించేది ఇదే గానీ మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు అనేవి ఏవో విడదీసి చెప్పండి. ముఖ్యమైనవాటిలో ఐక్యత, మిగతావాటిలో స్వేచ్ఛ, అన్నిటిలో ప్రేమ అనే మాట ఇక్కడ అందరూ వాడతారు. వాడుకోండి గానీ కింద తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీన్ పేరు వేయకండి, అది ఆయన తర్వాత వెయ్యేళ్లు దాటాక 17వ శతాబ్దంలో వచ్చిన మాట.

ఉద్దేశం ఒక్క పేరాలో ముగించండి. “లోకాన్ని మార్చడం” లాంటివి వద్దు. మత్తయి 28లోని ఆజ్ఞలో చేయాల్సిన పనులు స్పష్టంగా ఉన్నాయి: శిష్యులుగా చేయడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం. మీరూ అలాగే, ఏడాది చివర చేశామా లేదా అని చూసుకోగలిగేలా రాయండి. “ప్రతి కొత్త విశ్వాసికి ఒక పాత విశ్వాసిని ఏడాదిపాటు తోడుగా ఉంచుతాం” అని రాసి, నిజంగా అలా ఎవరినీ ఉంచకపోతే ఆ వాక్యం కొట్టేయండి.

ఎక్కువమంది వదిలేసేది అధికారం సంగతి. పాస్టర్‌ను ఎవరు ఎన్నుకుంటారు, కానుకల లెక్కలు ఎవరు చూస్తారు, ఆయనే తప్పు చేస్తే ఎవరికి చెప్పాలి? పెద్దలకు ఉండాల్సిన లక్షణాలు 1 తిమోతి 3లో ఉన్నాయి, పెద్ద మీద వచ్చిన ఆరోపణను ఎలా తీసుకోవాలో అదే పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. పైన ఎవరూ లేని సంఘంలో ఇది రాయకపోతే, అన్నిటికీ జవాబు పాస్టర్ గారే అని రాసినట్టే.

అంతా అయ్యాక చర్చికి అలవాటు లేని ఒకరి చేత బయటికి చదివించండి. “సమర్పణ”, “అభిషేకం” లాంటి మాటల దగ్గర ఆగితే అక్కడ మామూలు మాట పెట్టండి. అడుగున తేదీ, దాన్ని ఎవరు ఆమోదించారో వేయండి. ఎప్పుడైనా మారిస్తే పాత కాపీ పారేయకండి, ఏది ఎందుకు మారిందని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.