చిన్న ఊరి ఇంజనీరింగ్, 6వ పాఠం: పెద్ద పైపు వేస్తే వాలు కలిసొస్తుందా?

ఈ పాఠంలో నేరుగా మురుగు పైపు ఇన్వర్ట్ లెవెల్స్‌లోకి, అంటే పైపు లోపలి అడుగు మట్టాల్లోకి, దిగిపోదామనుకున్నా. కానీ 5వ పాఠం అభ్యాసానికి, అంటే మురుగు లైన్ వేయబోయే ఒక వీధిలో 30 మీటర్లకొకటి చొప్పున ఉండే 5 మ్యాన్‌హోల్స్ దగ్గర నేల మట్టం కనుక్కోవడానికి, మీరు చేసిన లెక్కలు చూశాక ముందు వాటి సంగతి తేల్చాలని అర్థమైంది. తప్పు కొంత నాదే, ఇన్‌స్ట్రుమెంట్ (మట్టం చూసే లెవెల్) చోటు మార్చినప్పుడు ఏం చేయాలో ఒక్క లైన్‌లో చెప్పేసి వెళ్ళిపోయా, ఎందుకంటే నాకది ఇప్పుడు ఆలోచించకుండానే చేతికి వచ్చేస్తుంది.

మళ్ళీ మొదట్నుంచి చూద్దాం. బెంచ్‌మార్క్, అంటే మట్టం ముందే తెలిసిన గుర్తు, 100.000 మీటర్లు. దాని మీద స్టాఫ్ (కొలత గీతలున్న నిలువు కర్ర) పెడితే రీడింగ్ 1.425, అంటే లెవెల్ కన్ను ఉన్న ఎత్తు 101.425. ఇక్కడ్నుంచి ఏ పాయింట్ దగ్గర స్టాఫ్ పెట్టినా ఆ రీడింగ్‌ని 101.425లోంచి తీసేయడమే. మ్యాన్‌హోల్ 1 దగ్గర 1.210 వచ్చింది కాబట్టి నేల 100.215. మ్యాన్‌హోల్ 2 దగ్గర 1.365, నేల 100.060. మ్యాన్‌హోల్ 3 దగ్గర 1.640, నేల 99.785.

రీడింగ్ పెరిగితే నేల పల్లం. చాలామంది దీన్ని తిరగేసి "1.640 పెద్దది కదా, మ్యాన్‌హోల్ 3 మిట్టలో ఉంది" అని రాశారు. కన్ను ఎత్తు మారదండీ, స్టాఫ్‌ని గుంటలో పెడితే గీత దాని మీద పైన తగుల్తుంది, గట్టు మీద పెడితే కింద తగుల్తుంది. నడుము లోతు నీళ్ళలో ఒకసారి, మోకాలి లోతులో ఒకసారి మీరు నిలబడ్డట్టు ఊహించుకోండి, నీటి మట్టం మీ ఒంటి మీద ఎక్కడ తగిలిందో అదే రీడింగ్.

అసలు తిప్పలు వచ్చింది మ్యాన్‌హోల్ 3 తర్వాత. అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ ముందుకి జరిపాం. స్టాఫ్ మాత్రం కదలకుండా అదే పాయింట్ మీద ఉంది. కొత్త చోట్నుంచి దాని మీద రీడింగ్ 1.105. కాబట్టి కొత్త ఎత్తు 99.785 ప్లస్ 1.105, అంటే 100.890. మ్యాన్‌హోల్ 4 రీడింగ్ 0.985, నేల 99.905. మ్యాన్‌హోల్ 5 రీడింగ్ 1.580, నేల 99.310.

కొంతమంది పాత ఎత్తు 101.425నే పట్టుకుని చివరిదాకా లాగేశారు, వాళ్ళకి మ్యాన్‌హోల్ 4 దగ్గర 100.440 వచ్చింది. అంటే 30 మీటర్లలో రోడ్డు 65 సెంటీమీటర్లు పైకి లేచిందన్నమాట. అంత దిబ్బ వీధి మధ్యలో ఉంటే సైకిల్ మీద వెళ్ళేవాడికి కూడా తెలుస్తుంది కదా! లెక్క అయ్యాక ఒకసారి కళ్ళు మూసుకుని ఆ వీధిలో నడిచి చూడండి, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

మిగతా సగానికి చెక్ ఉంది. వెనక రీడింగులు, అంటే ఇన్‌స్ట్రుమెంట్ పెట్టిన ప్రతి చోట మొదట తీసిన 1.425, 1.105, రెండూ కలిపితే 2.530. స్టాఫ్ వదిలేసే ముందు తీసిన రీడింగులు, అంటే 1.640, 1.580, కలిపితే 3.220. తేడా మైనస్ 0.690. చివరి నేల మట్టం 99.310లోంచి 100.000 తీసేసినా మైనస్ 0.690. కలిసింది. అయితే ఇది మీ కూడికలు, తీసివేతలు సరిగా ఉన్నాయని మాత్రమే చెప్తుంది, స్టాఫ్ మీద 1.580ని 1.850 అని చదివితే ఇది పట్టుకోదు, దానికి మళ్ళీ బెంచ్‌మార్క్ దగ్గరికి వెనక్కి వచ్చి క్లోజ్ చేయాల్సిందే, అంటే తిరిగి 100.000 వస్తుందో లేదో చూడాల్సిందే. ఎండగా ఉంది, ఆలస్యమైంది అని ఇది మానేసిన రోజే ఖచ్చితంగా తప్పు ఉంటుంది.

సరే, వాలు. నేను శాతాల్లో రాయను, 150కి 1 అనే రాస్తా. పైపు వేసే మనిషికి శాతం చెప్తే బుర్రలో లెక్క వేసుకోవాలి, 150 మీటర్లకి 1 మీటర్ దిగాలంటే వెంటనే తెలుస్తుంది. ఇంకా తేలికగా కావాలంటే 1000ని ఆ అంకెతో భాగించండి, మీటర్‌కి ఎన్ని మిల్లీమీటర్లు దిగాలో వస్తుంది. 150కి 1 అంటే మీటర్‌కి 6.67 మి.మీ., 30 మీటర్లకి 200 మి.మీ. అంకె పెద్దదయ్యే కొద్దీ వాలు తగ్గుతుంది, 450కి 1 అనేది 150కి 1 కన్నా చాలా చదును. ఇంతకంటే దీని గురించి చెప్పను.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే విషయం. పోయినసారి చివర్లో ఊరికే ఒక ప్రశ్న అడిగా, ఈ వీధికి ఏ సైజు పైపు, ఏ వాలు అని. మీలో ఎక్కువ మంది 300 మి.మీ. పైపు, 450కి 1 అన్నారు. కారణం కూడా రాశారు, "200 మి.మీ. పైపుకి కనీసం 250కి 1 కావాలి, 300 మి.మీ. పైపుకి 450కి 1 చాలు, పెద్ద పైపు వేస్తే తవ్వకం తగ్గుతుంది" అని. ఏ సైజు పైపుకి కనీసం ఎంత వాలు అని చెప్పే టేబుల్ చూసి రాశారని తెలుస్తూనే ఉంది. టేబుల్‌లో ఆ అంకెలు నిజమే. మీరు వాడిన తీరు తప్పు.

ఆ టేబుల్ ఎక్కడ్నుంచి వచ్చిందో చూడండి. ఐర్లాండ్ ఇంజనీర్ రాబర్ట్ మానింగ్ 1889లో ముందుకి తెచ్చిన సూత్రంలో పైపు గరుకుతనాన్ని 0.013గా తీసుకుని, పైపు నిండా పారినప్పుడు సెకనుకి సుమారు 0.6 మీటర్ల వేగం వచ్చేలా వేసిన లెక్క అది. ఆ వేగం ఉంటే ఇసుక, మడ్డి అడుగున కూర్చోకుండా కొట్టుకుపోతాయి. పైపు సగం నిండినా వేగం అంతే వస్తుంది, అది గుండ్రటి పైపు చేసే చిత్రం. కానీ సగం కన్నా తగ్గితే వేగం పడిపోతుంది. మీ పైపు సగమైనా నిండుతుందా లేదా అని టేబుల్‌కి ఎలా తెలుస్తుంది?

లెక్క వేద్దాం. ఈ లైన్‌లోకి పక్క సందులతో కలిపి 960 మంది మురుగు వస్తుందనుకోండి. మనిషికి రోజుకి 120 లీటర్లు, రద్దీ వేళకి 3 రెట్లు. 960 ఇంటూ 120 ఇంటూ 3, దాన్ని 86400తో భాగిస్తే సెకనుకి 4 లీటర్లు. రోజు మొత్తంలో ఎక్కువ పారేది ఇదే.

మీ 300 మి.మీ. పైపు 450కి 1లో నిండా పారితే సెకనుకి 45 లీటర్లు పైనే మోస్తుంది. దాంట్లోకి 4 లీటర్లు వదిలితే అడుగున 60 మి.మీ. లోతు మాత్రమే ఉంటుంది, వేగం 0.40. అదే 200 మి.మీ. పైపు 250కి 1లో వేస్తే లోతు మళ్ళీ 60 మి.మీ.యే, కానీ వేగం 0.51. అదే 200 మి.మీ. పైపు 150కి 1లో అయితే లోతు 52 మి.మీ., వేగం 0.61. ఇదొక్కటే మనకి కావాల్సిన చోటికి వచ్చింది.

ఇంకోటి చూడండి. లైన్ వేసిన మొదటి ఏడాది అందరూ కనెక్షన్ తీసుకోరు. మూడో వంతు మందే తీసుకున్నారనుకోండి. అప్పుడు రద్దీ వేళలో కూడా 1.33 లీటర్లే. 200 మి.మీ. పైపు 150కి 1లో వేగం 0.44, మరీ మంచిది కాదు కానీ నెట్టుకొస్తుంది, మధ్యమధ్యలో ఫ్లషింగ్ చేసుకుంటే సరిపోతుంది. మీ 300 మి.మీ. పైపులో 0.29. ఇంత నెమ్మదిగా పారితే మడ్డి కూర్చుంటుంది, కూర్చున్నది కుళ్ళుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అది పైపు లోపలి పైకప్పుకి చేరి తడి మీద సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారి కాంక్రీట్ పైపుని పైనుంచి తినేస్తుంది. అడుగున పూడిక, పైన తుప్పు లాంటి తినుడు, మధ్యలో మీరు పెట్టిన ఖర్చు.

ఒక బకెట్ నీళ్ళు వెడల్పాటి సిమెంటు గచ్చు మీద పారబోయండి, అవే నీళ్ళు సన్నటి కాలవలో పోయండి. ఇసుకని ఎక్కడ లాక్కెళ్తాయి? పైపు పెద్దదైతే నీళ్ళు పెరగవు, నీళ్ళకి చోటు పెరుగుతుంది అంతే. పెద్ద పైపు ఎక్కువ ప్రవాహం ఉన్నప్పుడు వేస్తాం, వాలు తప్పించుకోవడానికి కాదు. అమెరికాలో పది రాష్ట్రాల ప్రమాణాలు అని పిలిచే డిజైన్ నియమాల్లో ఇది సూటిగా రాసి ఉంటుంది, వాలు తగ్గించుకోవడం కోసం పైపు సైజు పెంచితే ఒప్పుకోం అని. అంటే ఈ ఉపాయం మీకొక్కరికే తట్టలేదన్నమాట.

"మరి నిజంగా చదునైన ఊరైతే?" అంటారు. అప్పుడు చిన్న పైపే లోతుగా వేసి, లోతు భరించలేని చోట చిన్న పంపు పెట్టి ఎత్తాలి. పంపు అంటే నాకు ఇష్టం లేదు, కరెంటు పోతే అది పోతుంది, అయినా పూడిపోయే పైపు కన్నా నయం.

కానీ ఈ వీధి చదునైంది కాదే! అది చూశారా? నేల మ్యాన్‌హోల్ 1 దగ్గర 100.215, 120 మీటర్ల అవతల 99.310. నేలే 90 సెంటీమీటర్లు దిగుతోంది. వాలు ఉచితంగా వస్తుంటే పైపుని చదునుగా పెడతామంటారేంటి?

పైపు వేద్దాం. రోడ్డు కింద పైపు పైభాగానికి 0.9 మీటర్ల కవర్, అంటే పైన మట్టి, కావాలి, పైపు, గోడ మందం, కాస్త వెసులుబాటు కలిపి మ్యాన్‌హోల్ 1 దగ్గర ఇన్వర్ట్ లోతు 1.150 పెట్టుకుంటా. ఇన్వర్ట్ అంటే పైపు లోపలి అడుగు, పైభాగం కాదు, మధ్య కాదు. 100.215లోంచి 1.150 తీస్తే 99.065. ప్రతి 30 మీటర్లకి 0.200 దిగాలి, మధ్యలో ఉన్న ప్రతి మ్యాన్‌హోల్‌లో ఇంకో 0.030 దింపుతా, లోపల నీళ్ళు మలుపు తిరిగేచోట పోయే ఊపుకి అది బదులు. కొందరు తిన్నటి లైన్‌లో ఇది పెట్టరు, నేను పెడతా.

మ్యాన్‌హోల్ 2: వచ్చేది 98.865, పోయేది 98.835, లోతు 1.225.
మ్యాన్‌హోల్ 3: వచ్చేది 98.635, పోయేది 98.605, లోతు 1.180.
మ్యాన్‌హోల్ 4: వచ్చేది 98.405, పోయేది 98.375, లోతు 1.530.
మ్యాన్‌హోల్ 5: వచ్చేది 98.175, లోతు 1.135.

మ్యాన్‌హోల్ 4 దగ్గర నేల 12 సెం.మీ. లేచింది కానీ పైపు లేవలేదు, అందుకే లోతు పెరిగింది. నేల ఎలా పోతే పైపు అలా పోదు. అందరికీ ఒకే లోతు 1.150 పెట్టినవాళ్ళు మ్యాన్‌హోల్ 3 నుంచి 4కి మురుగుని ఎదురెక్కించారు, ఒకసారి చూసుకోండి.

మీ 300 మి.మీ. పైపు కూడా ఇదే పద్ధతిలో, ఇవే 0.030లతో లాగి చూశా. మ్యాన్‌హోల్ 5 దగ్గర ఇన్వర్ట్ 98.708, లోతు 0.602. పైపు 300 పోతే పైన మట్టి 30 సెంటీమీటర్లే. మొదటి లోడ్ లారీకే పగులుతుంది. తవ్వకం తగ్గిందన్నది మాత్రం నిజం.

ట్రెంచ్ పూడ్చడం, రోడ్డు మళ్ళీ వేయడం 8వ పాఠంలో. ఒక్క ముక్క ఇప్పుడే: పూడ్చేటప్పుడు 15 సెం.మీ. పొరలుగా కుదించాలి, మొత్తం ఒకేసారి నింపి పైన రోలర్ తిప్పితే అడుగున ఏమీ అవ్వదు, వానలు పడ్డాక రోడ్డు మీద పైపు దారి గీత గీసినట్టు కుంగి కనపడుతుంది.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే.

మొదటిది, మ్యాన్‌హోల్ 5 దగ్గర మనకి 1.150 కావాలి, వచ్చింది 1.135. ఈ 15 మి.మీ. ఎలా సరిచేస్తారు? రెండు దారులున్నాయి, రెండింటికీ లెవెల్స్ మొత్తం రాయండి, నేనైతే చివరి 30 మీటర్లే ముట్టుకుంటా.

రెండోది, మ్యాన్‌హోల్ 1 నుంచి 75 మీటర్ల దగ్గర తాగునీటి పైపు ఈ లైన్‌ని అడ్డంగా దాటుతుంది. దాని అడుగు మట్టం 98.945. మురుగు పైపు కిందే ఉండాలి, రెండింటి మధ్య నిలువుగా 450 మి.మీ. ఖాళీ ఉండాలి. మురుగు పైపు గోడ మందం 10 మి.మీ. తీసుకోండి. ముందు ఎంత ఖాళీ ఉందో లెక్కేయండి, చాలదని తెలుస్తుంది. తర్వాత మురుగు లైన్ దింపుతారా, నీటి పైపు లేపుతారా తేల్చండి. నీటి పైపు లేపితే దాని పైన ఎంత మట్టి మిగులుతుందో, మురుగు లైన్ దింపితే 5 మ్యాన్‌హోల్స్‌లో ఎక్కడెక్కడ ఎంత తవ్వకం పెరుగుతుందో రాయండి. నీటి పైపు బయటి వ్యాసం 110 మి.మీ., అక్కడ నేల మట్టం 3, 4 మ్యాన్‌హోల్స్ మధ్య సరిగ్గా సగం అనుకోండి.

సైజు పెంచి తప్పించుకున్న జవాబు చూడను.