మౌంటెన్ బైక్ డిస్క్ బ్రేకు పట్టేస్తుంటే ఎలా బాగుచేయాలి?

బ్రేకు లివర్ వదిలేశాక కూడా చక్రం భారంగా తిరుగుతుంటే చాలామంది ముందు అనుమానించేది బ్రేకు లోపలి ఆయిల్‌నే. వెంటనే బ్లీడింగ్ (గొట్టంలోని గాలి తీసి ఆయిల్ నింపడం) కిట్ కోసం వెతుకుతారు. చాలాసార్లు అంత అవసరం ఉండదు. చక్రం దగ్గర రోటర్‌ను (బ్రేకు డిస్క్‌ను) పట్టుకునే కాలిపర్‌లో, ప్యాడ్లను నెట్టే పిస్టన్ల చుట్టూ పేరుకున్న మట్టి, ప్యాడ్ల పొడి కడిగేస్తే చాలు.

పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగ్ కాదు, దాని చుట్టూ ఉండే రబ్బరు సీల్. లివర్ నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతూ సీల్‌ను కాస్త మెలిపెడుతుంది. వదలగానే సీల్ మళ్లీ మామూలు ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట తీసుకొస్తుంది. అది వెనక్కి లాగేది మిల్లీమీటరులో చిన్న వంతే. పిస్టన్ మీద మురికి ఎండి గట్టిపడితే ఆ కాస్త లాగే బలం కూడా సరిపోదు. ప్యాడ్ల మధ్య ఉండే రేకు స్ప్రింగ్ ప్యాడ్లను విడదీస్తుంది కానీ, బిగుసుకున్న పిస్టన్‌ను నెట్టలేదు.

ముందు లోపం ఎక్కడుందో చూడండి

చక్రం పైకెత్తి తిప్పండి. చప్పుడు ప్రతి చుట్టులో ఒకే చోట వస్తుంటే రోటర్ వంకరపోయినట్టు. ఏకధాటిగా రాసుకుంటుంటే కాలిపర్ పక్కకు జరిగి ఉండొచ్చు. దాని రెండు బోల్టులూ వదులు చేసి, లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా మళ్లీ బిగించండి. షిమానో కాలిపర్లకైతే 6–8 న్యూటన్ మీటర్లు. దీంతో సరిపోతే ఇక దేన్నీ విప్పకండి.

సరిపోకపోతే కాలిపర్ వెనక తెల్ల కాగితం పెట్టి, లివర్ మెల్లగా నొక్కుతూ ప్యాడ్ల సందులోంచి చూడండి. ఒక ప్యాడే ముందుకొచ్చి రోటర్‌ను అవతలి వైపుకు వంచుతుంటే, కదలని వైపు పిస్టన్ బిగుసుకుంది. లివరే నెమ్మదిగా వెనక్కి వస్తుంటే మాత్రం తేడా హ్యాండిల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో. అప్పుడు కాలిపర్ ఎంత తుడిచినా లాభం లేదు.

కావలసినవి: అల్లెన్ కీలు, ప్లాస్టిక్ టైరు లివర్ (టైరు ఊడదీసే పనిముట్టు), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, నూలు గుడ్డ పేలికలు, చేతి తొడుగులు, మీ బ్రేకులో వాడే ఆయిలే రెండు మూడు చుక్కలు. షిమానో, మగూరా బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది, హోప్‌లో డాట్ ఫ్లూయిడ్ అనే మరో రకం బ్రేకు ద్రవం. స్రామ్‌లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి లివర్ మీద రాసింది చదవండి. ఒకదాని బదులు ఇంకొకటి తగిలితే సీళ్లు పాడవుతాయి. డాట్ ఫ్లూయిడ్ పెయింట్‌నూ తినేస్తుంది.

విప్పి శుభ్రం చేయడం

చక్రం తీసేయండి. అప్పుడే తొక్కి వచ్చి ఉంటే రోటర్ చల్లారే దాకా ఆగండి. ప్యాడ్ల పిన్నుకున్న చిన్న క్లిప్ తీసి, పిన్ను లాగి, ప్యాడ్లు బయటకు తీసి శుభ్రమైన కాగితం మీద పెట్టండి. రాపిడి వైపు వేళ్లు తగలనివ్వొద్దు. షిమానో ప్యాడ్లలో అరిగే పొర 0.5 మిల్లీమీటరుకు వచ్చేస్తే మార్చేయాల్సిందే.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మురికి పిస్టన్లను అలాగే లోపలికి తోసేస్తారు. ఆ మట్టంతా సీల్ పెదవి దగ్గరికి చేరి, నాలుగు రోజుల్లో బ్రేకు మళ్లీ మొదటికొస్తుంది. ముందు పిస్టన్లు ఇంకాస్త బయటకు రావాలి. లివర్‌ను కొద్దికొద్దిగా నొక్కుతూ, నొక్కిన ప్రతిసారీ లోపలికి చూడండి. తేలిగ్గా వచ్చే పిస్టన్‌ను టైరు లివర్‌తో ఆపి పట్టుకుంటే ఒత్తిడంతా మొండి పిస్టన్ మీద పడుతుంది. 2–3 మిల్లీమీటర్లు కనబడితే చాలు. అత్యాశకు పోతే పిస్టన్ ఊడి పడుతుంది, ఆయిల్ కారిపోతుంది, అప్పుడు నిజంగానే బ్లీడింగ్ చేయాలి.

ఇయర్ బడ్‌ను ఆల్కహాల్‌లో ముంచి పిస్టన్ అంచు చుట్టూ తిప్పండి. మొదటిది బొగ్గులా నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చే దాకా బడ్స్ మారుస్తూ ఉండండి. వెనక వైపు అందకపోతే సన్నటి గుడ్డ పేలికను పిస్టన్ చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగండి. తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు. సీళ్లు ఉబ్బుతాయి, ప్యాడ్లకు జిడ్డు పడుతుంది.

ఇప్పుడు బడ్ కొసన ఒక్క చుక్క ఆయిల్ తీసుకుని పిస్టన్ అంచుకు రాయండి. టైరు లివర్ వెడల్పు వైపుతో నిటారుగా లోపలికి నెట్టండి. స్క్రూడ్రైవర్ వాడొద్దు, సిరామిక్ పిస్టన్ అంచు పగిలిపోతుంది. మళ్లీ బయటకు, మళ్లీ లోపలికి, ఇలా నాలుగైదుసార్లు చేస్తే సీల్ వదులవుతుంది. రెండు పిస్టన్లూ ఇంచుమించు ఒకేసారి కదిలితే పని అయినట్టే. నాలుగు పిస్టన్ల కాలిపర్ అయితే మూడింటిని ఆపి ఒక్కోదాన్ని కదిలించాలి. చేతులు చాలవు, ఇంకొకరిని పిలవండి.

పిస్టన్లు పూర్తిగా లోపలికి పోకపోతే ఆయిల్ ఎక్కువైందేమో చూడాలి. అరిగిన ప్యాడ్లు ఉండగా ఎవరో ఆయిల్ నింపితే, కొత్త ప్యాడ్లు వేసేసరికి పిస్టన్లకు చోటు చాలదు. పొడవాటి వాలు దిగుతూ వేడెక్కినప్పుడే బ్రేకు పట్టేస్తుంటే, మొదట చూడాల్సిన కారణాల్లో ఇదొకటి. బ్రేకు లివర్‌ను నేలకు సమాంతరంగా తిప్పి, దాని మీది బ్లీడ్ స్క్రూ తీసి, కింద గుడ్డ పట్టుకుని పిస్టన్లు నెట్టండి. అదనపు ఆయిల్ పైకి వచ్చేస్తుంది. పిస్టన్లు పూర్తిగా లోపల ఉండగానే స్క్రూ బిగించండి.

తిరిగి బిగించడం

కాలిపర్ లోపలంతా ఆల్కహాల్‌తో తుడిచి, ప్యాడ్లు, స్ప్రింగ్, పిన్ను, క్లిప్ పెట్టండి. చక్రం ఎక్కించి, లివర్ గట్టిపడే దాకా నొక్కుతూ పోండి. తర్వాత కాలిపర్‌ను పైన చెప్పినట్టే మళ్లీ మధ్యకు తెచ్చి బిగించండి. కొత్త ప్యాడ్లు వేస్తే ఖాళీ చోట ఓ మోస్తరు వేగంతో వెళ్తూ, చక్రం జామ్ కాకుండా నడక వేగానికి తగ్గించడం ఇరవైసార్లు, ఇంకాస్త వేగంతో మరో పదిసార్లు చేయాలి.

చివరగా లివర్ గట్టిగా నొక్కి ఓ నిమిషం పట్టుకుని, కాలిపర్ లోపలికి టార్చి వేసి చూడండి. పిస్టన్ అంచున తడి కనబడితే సీల్ పోయింది. హోప్ లాంటి కొన్ని కంపెనీలు సీల్ కిట్లు అమ్ముతాయి. షిమానో అయితే కాలిపర్ మొత్తం మార్చాల్సిందే. ఆయిల్ పీల్చుకున్న ప్యాడ్లను మాత్రం కాల్చో, గీకో బతికించాలని చూడకండి, పారేయండి.