శవం నోరు విప్పినా కేసు తేలకూడదు: డీ అండ్ డీలో డిటెక్టివ్ కథ నడపడం ఎలా

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే పాత్రలు వేసుకుని, పాచికలేసి కలిసి కథ ఆడే ఆట. అందులో హత్య కేసు పెట్టాలనుకునే డీఎంకి (కథ నడిపేవాడికి) మొదట టెన్షన్ పెట్టేది క్లెరిక్, అంటే దేవుడి శక్తితో మంత్రాలేసే పాత్ర. ఐదో లెవెల్ రాగానే వాడి చేతికి శవంతో మాట్లాడించే స్పీక్ విత్ డెడ్ అనే స్పెల్ (మంత్రం) వస్తుంది, శవం పక్కన కూర్చుని "నిన్ను చంపిందెవరు?" అని అడిగేస్తాడు, రాసుకున్న కథంతా గోవిందా. అందుకే కొందరు ఆ స్పెల్‌నే నిషేధిస్తారు. అది నాకు అస్సలు నచ్చదు, ఆటగాడు కష్టపడి సంపాదించుకున్న శక్తిని లాగేసుకోవడం అన్యాయం. స్పెల్ రూలు ఒకసారి నిదానంగా చదవండి. అయిదు ప్రశ్నలే. శవానికి నోరు ఉండాలి. బతికుండగా తెలిసిందే చెబుతుంది, మిమ్మల్ని శత్రువని గుర్తుపడితే నిజం చెప్పాల్సిన పనీ లేదు, పది రోజుల దాకా మళ్లీ లేపడం కుదరదు. కాబట్టి శవాన్ని మాట్లాడనివ్వండి, దానికి తెలిసింది సగమే అయ్యేలా చూసుకోండి చాలు.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కలిసి ఆడే మా గుంపు కోసం అల్లిన కేసు చెబుతాను. మహేంద్రగిరి లాంటి కొండ కింద సంత, చీకటిపడ్డాక ఒక వర్తకుణ్ణి వెనక నుంచి పొడిచేశారు. శవం చెప్పేది ఇంతే: "మొహం చూళ్లేదు, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది." వినగానే ప్లేయర్లు కథలో ఉన్న, నిప్పు మంత్రాలేసే విజార్డ్ (మాంత్రికుడు) మీద పడతారు, పడనివ్వండి. అసలు సంగతేమిటంటే కొమ్మును వంచాలంటే వేడి చెయ్యాలి, వేడెక్కితే అచ్చం ఆ కంపే కొడుతుంది. హంతకుడు కొమ్ము బొమ్మలు చేసేవాడు. మా ఊళ్లో ఆ పనివాళ్ల ఇళ్ల ముందు తిరిగినవాడికి ఇది చప్పున తడుతుంది, బరంపురం నుంచి వచ్చే ఆటగాడికి ఎలా తడుతుంది? అందుకే ఒక్క క్లూ మీద కథ ఆపకండి. ప్రతి ముఖ్యమైన విషయానికీ కనీసం మూడు దారులు పెట్టండి: వాసన ఒకటి, కండువాకి అంటిన కొమ్ము రజను ఒకటి, బాకీల పుస్తకంలో కొట్టేసిన పేరు ఒకటి.

ఈ ముఖ్యమైన క్లూలకి డైస్ వేయించకండి. ఇరవై ముఖాల పాచికలో పడిన అంకెకి నైపుణ్యం బోనస్ కలుపుతారు కదా, +3 బోనస్ ఉన్నవాడు మొత్తం 15 అందుకోవాలంటే పాచికలో 12 గానీ ఆ పైన గానీ పడాలి, అంటే 20కి 9 సార్లే. సగానికి పైగా సార్లు కథ అక్కడే చతికిలబడుతుంది. డిటెక్టివ్ కథల ఆటల కోసం 2007లో వచ్చిన గమ్‌షూ అనే ఆట పద్ధతి సరిగ్గా ఈ గొడవనే తీసేసింది: సరైన చోట సరైన నైపుణ్యంతో వెతికితే క్లూ దొరికినట్టే. రోల్ కావాలంటే అదనపు వివరానికి పెట్టుకోండి.

నిజమే చెప్పించే జోన్ ఆఫ్ ట్రూత్ స్పెల్ ఇంకా సరదా. 15 అడుగుల వ్యాసార్థం ఉన్న వలయం, 10 నిమిషాలు, లోపల స్పెల్ పట్టినవాడికి ఆ సంగతి తెలుసు, అబద్ధం చెప్పలేకపోయినా మాట దాటెయ్యొచ్చు. "ఆ రాత్రి నేను కత్తి ముట్టుకోలేదు" అంటాడు మన హంతకుడు. నిజమే, పొడిచింది చెక్కిన కొమ్ముతో! ఇలాంటి జవాబులు ముందే రెండు మూడు రాసిపెట్టుకోండి, టేబుల్ దగ్గర అప్పటికప్పుడు తట్టవు.

సాక్షుల దగ్గర భాషని వాడుకోండి. తెలుగులో మొదలైన బేరం ఒడియాలో ముగిసే సంతలు చూసినవాళ్లం, మనకిది చెప్పక్కర్లేదు. డ్వార్విష్ (ఆటలోని మరుగుజ్జు జాతి భాష) రాదన్న సాక్షి, పక్కన ఎవరో డ్వార్విష్‌లో వేసిన జోకుకి పెదవి బిగపట్టి నవ్వాపుకుంటే చాలు, ఆటగాళ్లు వాణ్ణి వదలరు.

ఇక హంతకుడి టైమ్‌టేబుల్. ప్లేయర్లు ఏమీ చెయ్యకపోతే రేపు పొద్దున వాడేం చేస్తాడు, ఎల్లుండి ఎక్కడికి పారిపోతాడు అన్నది ఒక చీటీ మీద రాసుకోండి. వాళ్లు విజార్డ్‌నే పట్టుకుని జైల్లో పెట్టించారనుకోండి, మీరు దిద్దకండి, మర్నాటి సంతలో అదే వాసనతో రెండో శవం పడెయ్యండి. అలాగే ఎవడో మొదటి గంటలోనే సరిగ్గా ఊహించేశాడని హంతకుణ్ణి మార్చేయకండి, రుజువు చూపించమనండి.