అక్క కొడుకు దరఖాస్తులో తప్పులు సరిచేసిన తీరు: నా అనుభవం

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో, నాణ్యతా విభాగానికి వచ్చే దరఖాస్తులను నేను చూస్తుంటాను. ఒక్కో విడత మందు తయారీ వివరాలు నమోదు చేసే మా బ్యాచ్ రికార్డుల్లో ఒక్క అంకె తప్పు పడినా చెరిపేయడానికి వీల్లేదు. ఒకే గీతతో కొట్టివేసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. అందుకే రెజ్యూమెలో తాను చదివిన ‘కెమిస్ట్రీ’ స్పెల్లింగే తప్పుగా ఉంటే, ఈ అభ్యర్థి రేపు రికార్డు ఎలా రాస్తాడన్న సందేహం సహజంగానే కలుగుతుంది. అయితే ఇంగ్లిష్ ధారాళంగా రాకపోవడం వేరు, రాసింది మళ్లీ చదువుకోకపోవడం వేరు. తెలుగు మీడియం పిల్లలను మొదటి కారణంతో పక్కనపెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

పాలమూరు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసిన మా అక్క కొడుక్కి ఎక్కడినుంచీ పిలుపు రాకపోవడంతో, వాడి దరఖాస్తు తెప్పించుకుని చూశాను. వర్డ్‌లో తప్పు స్పెల్లింగు కింద పడే ఎర్రగీత ఒక్కటీ లేదు. కానీ శీర్షికలన్నీ క్యాపిటల్ అక్షరాల్లో ఉన్నాయి, అలాంటి పదాలను వదిలేసే సెట్టింగు ఆన్‌లో ఉంది. అది తీసేయగానే ‘ఎక్స్‌పీరియన్స్’ కింద గీత వచ్చింది. ‘ఫ్రమ్’ (from) ఉండాల్సిన చోట ‘ఫార్మ్’ (form) పడితే మాత్రం, రెండూ సరైన మాటలే కనుక, స్పెల్ చెక్ చాలాసార్లు పట్టుకోదు. దానికోసం ప్రింటు తీసి, స్కేలు అడ్డం పెట్టి, చివరి వాక్యం నుంచి పైకి వాడిచేతనే బిగ్గరగా చదివించాను. చివరగా పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలోని స్పెల్లింగుతోనే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసి, పీడీఎఫ్ చేసి పంపించాము.