పొట్టిగా, తుంటి దగ్గర వెడల్పుగా ఉంటే పెళ్ళి పట్టుచీర: నాకు పనిచేసింది ఇదీ

నా ఎత్తు ఐదడుగులే, తుంటి వెడల్పు. ఏ కంచిపట్టు కట్టినా కుచ్చిళ్ళు గొడుగులా విచ్చుకుని ఇంకా పొట్టిగా కనిపించేదాన్ని. ముదురు రంగులు, డైటింగ్, హీల్స్ (పీటల మీద చెప్పులెక్కడివి!) అన్నీ అయ్యాయి, లాభం లేదు.

ముందు మార్చింది చీర కాదు, లోపలి లంగా. కుచ్చుల కాటన్ లంగా మానేసి, సాగే బట్టతో కుట్టిన ఫిష్‌కట్ లంగా (తుంటి నుంచి మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుని, కింద కాస్త విచ్చుకునేది), పక్కన చీలిక ఉన్నది తీసుకున్నా. కొనేముందు అది వేసుకుని బాసింపట్టు వేసి కూర్చుని చూడండి, ఇబ్బందిగా ఉంటే వద్దు, పెళ్ళిలో గంటలకొద్దీ అలాగే కూర్చోవాలి.

తర్వాత విశాఖలో జగదాంబ సెంటర్ దగ్గర షాపులో, ఆ లంగా మీదే చీరలు కట్టి చూశా. పెద్ద అంచు మోకాలి దాకా వచ్చి కాళ్ళ పొడవే కనిపించనివ్వలేదు. నాలుగు వేళ్ళ అంచు, చిన్న బుటాలు ఉన్న ఉప్పాడ పట్టు చక్కగా ఒంటిని అంటిపెట్టుకుంది, పైగా తేలిక, మన విశాఖ ఉక్కపోతకి హాయి. మా పెద్దమ్మ మాత్రం "పేరంటానికి వెళ్తున్నావా ఏంటే?" అంది.

ఆఖరికి కుచ్చిళ్ళు. ముందురోజే సన్నగా మడిచి ఇస్త్రీ చేయించి, కట్టేటప్పుడు బొడ్డుకి కాస్త ఎడమగా దోపి లోపలివైపు పిన్ను పెట్టాం. పైట కూడా సన్న మడతలే, వెనక మోకాలి దాకా జారేలా.

భుజాలు వెడల్పుగా, తుంటి సన్నగా ఉన్నవాళ్ళకి ఇది నప్పుతుందని చెప్పలేను, బహుశా వాళ్ళకి పెద్ద అంచే బాగుంటుందేమో.